ఇబ్రహీంపట్నంలో వెయ్యీ ముప్ఫై ఒకటి

కరోనా రెండో విడత సద్దుమణిగిన మరుసటి ఏడాది, మే నెల చివర్లో నన్ను గణాంక శాఖ నుంచి డిప్యుటేషన్ మీద ఒక దర్యాప్తు విభాగానికి పంపారు. శాఖలో నా హోదా డిప్యూటీ డైరెక్టర్. అక్కడ మాత్రం ‘సాంకేతిక సలహాదారు’ అని పేరు తగిలించి, కిటికీ లేని గదిలో ఒక కుర్చీ వేశారు. రిటైర్మెంటుకు ఇంకా పదిహేను నెలలున్నాయి. అప్పటిదాకా నేను పంటల దిగుబడీ, గొర్రెలూ మేకలూ, బోరుబావులూ లెక్కపెట్టినదాన్ని. ఇక్కడ నాకేం పని అని అడిగితే, ‘లెక్కే కదా మేడం, ఏదైనా ఒకటే’ అన్నారు. ఒకటే కాదని తెలియడానికి నాకు మూడు వారాలు పట్టింది.

కేసు ఒక క్రిప్టో కాయిన్‌ది. దాని పేరు ఇక్కడ అనవసరం. హోటళ్లలో మీటింగులు పెట్టి, భోజనాలు పెట్టి, ఆ కాయిన్‌ని జనానికి అంటగట్టారు. తమ నెట్‌వర్క్ అరవై దేశాల్లో, లక్ష కంప్యూటర్ల మీద నడుస్తోందని, కాబట్టి ఎవరూ దాన్ని ఆపలేరని చెప్పుకున్నారు. మా పై అధికారి ఎస్పీ హోదా ఉన్నాయన. ఓపిక తక్కువ మనిషి. నన్ను పిలిచి రెండే ప్రశ్నలు అడిగారు. ఆ నెట్‌వర్క్‌లో నిజంగా ఎన్ని కంప్యూటర్లున్నాయి? ఎక్కడెక్కడ ఉన్నాయి? జవాబు ఒక పేజీ దాటకూడదన్నారు.

ఇలాంటి నెట్‌వర్క్‌కి హెడ్డాఫీసు ఉండదు. బ్యాంకులో అయితే లెడ్జరు ఒకచోట ఉంటుంది; ఇక్కడ ప్రతి కంప్యూటరూ ఆ లెడ్జరు నకలు తన దగ్గర పెట్టుకుని, కొత్తగా ఏది రాసినా పక్కవాళ్లకు చెబుతుంది. అలాంటి ఒక్కో కంప్యూటర్‌ని నోడ్ అంటారు. అందరి పేర్లూ ఉన్న పట్టీ ఎక్కడా ఉండదు. కానీ ఏ నోడ్‌నైనా ‘నీకు తెలిసినవాళ్లెవరు?’ అని అడిగితే కొన్ని అడ్రస్‌లు ఇస్తుంది. ఆ అడ్రస్‌లకు వెళ్లి మళ్లీ అదే అడగాలి. పెళ్లికి ఎవరెవరు వచ్చారో తెలియాలంటే ఒక్కొక్కర్నీ పట్టుకుని ‘ఇంకా ఎవరొచ్చారు?’ అని అడిగినట్టన్నమాట. ఈ పని చేసే ప్రోగ్రామ్‌ని మా విభాగంలో నెట్‌వర్క్ ఇంజినీరుగా ఉన్న సాదిక్ రాశాడు. ముప్ఫై దాటిన మనిషి, మాట తక్కువ, చేతిలో ఎప్పుడూ సగం చల్లారిన చాయ్.

ఆ ప్రోగ్రామ్ నడుస్తుంటే నాకు ఒకచోట కాలు నిలిచేది కాదు. గొర్రెల లెక్కలో గొర్రె కనీసం మందలో ఉంటుంది. ఇక్కడ తెర మీద అంకె పది నిమిషాలకోసారి మారేది. పొద్దున ఉన్న నోడ్ మధ్యాహ్నానికి లేదు, సాయంత్రానికి ఇంకోటి వచ్చింది. నేను కాలుగాలిన పిల్లిలా ఆ గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే సాదిక్ ఒకరోజు, “మేడం, జర కూసోండి, మీరు నడిస్తే అది ఆగదు” అన్నాడు. నాకు ఒళ్లు మండింది గానీ, కూర్చున్నాను.

ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్ని నోడ్‌లు మనం పిలిస్తే పలకవు. ఇంట్లో రౌటరు వెనకాల ఉండి, తాము బయటికి మాట్లాడతాయి తప్ప బయటివాళ్లని లోపలికి రానివ్వవు. అందుకని మేమే కొన్ని కంప్యూటర్లను ఆ నెట్‌వర్క్‌లో చేర్చి, మా దగ్గరికి ఎవరొస్తారో రాసుకుంటూ కూర్చున్నాం. రాకుండా మిగిలిపోయినవాటిని ఎలా లెక్కపెట్టాలి? దీనికి నా దగ్గర పాత విద్య ఉంది. అడవి అంచున మేసే జీవాలను లెక్కపెట్టేటప్పుడు మొదటి రోజు దొరికినవాటికి రంగు పూస్తాం. రెండో రోజు మళ్లీ పట్టుకుని, అందులో రంగున్నవి ఎన్నో చూస్తాం. సగం రంగువే అయితే, మొదటి రోజు దొరికినవి మొత్తంలో సగమని అర్థం. రంగువి తక్కువ దొరికేకొద్దీ అసలు మంద పెద్దదన్నమాట. ఇక్కడ రంగు బదులు ఇంటర్నెట్ అడ్రస్ పెట్టుకున్నాను. ఈ ఉపాయం తట్టినప్పుడు నన్ను చూసి నేనే మురిసిపోయాను.

ఇక ఎక్కడున్నాయన్నది. అడ్రస్‌ను బట్టి ఊరు చెప్పే డేటాబేసులు బజార్లో దొరుకుతాయి. ఒకటి కొని మ్యాపు గీయించాం. విదేశాల్లో చుక్కలు చాలానే పడ్డాయి గానీ, చాలామటుకు అద్దెకు కంప్యూటర్లిచ్చే పెద్ద కేంద్రాలున్న ఊళ్లలోనే. మన దేశంలో అక్కడక్కడా ఒకటీ రెండూ. ఒక్కచోట మాత్రం మ్యాపు మీద పెద్ద ఎర్ర బిళ్ల పడింది. చూస్తే ఇబ్రహీంపట్నం, రంగారెడ్డి జిల్లా.

మొదటి రోజు అక్కడివి నూట తొంభై అడ్రస్‌లు దొరికాయి. రెండో రోజూ నూట తొంభై. రెండు రోజులూ కనిపించినవి ముప్ఫై ఐదే. నూట తొంభైని నూట తొంభైతో గుణించి, ముప్ఫై ఐదుతో భాగిస్తే వెయ్యీ ముప్ఫై ఒకటి. మూడుసార్లు చేశాను. మిగిలిన ప్రపంచమంతా కలిపినా అంత లేదు. ఎస్పీ గారికిచ్చిన పేజీలో రెండో పేరాలో ఇలా రాశాను: ‘ఈ నెట్‌వర్క్‌కు కేంద్రం ఇబ్రహీంపట్నం.’ కేంద్రమే లేని నెట్‌వర్క్ అని మొదటి పేరాలో రాసింది కూడా నేనే.

ఆ అడ్రస్‌లన్నీ ఒకే చిన్న ఇంటర్నెట్ సంస్థవి. యజమాని పేరు మల్లేష్. ఇబ్రహీంపట్నంలో, మంచాల వైపు ఊళ్లలో ఇళ్లకు నెట్ కనెక్షన్లిచ్చే కేబులాయన. పేజీ ఇచ్చిన మూడో రోజుకల్లా మా ఇన్‌స్పెక్టర్ వెళ్లి ఆయన ఆఫీసుకు సీలు వేశారు. ఆయన్ను స్టేషనుకు పిలిపించి కూర్చోబెట్టారు. ఆ సాయంత్రమే మా తెర మీద ఇబ్రహీంపట్నం సున్నా అయింది. ఎస్పీ గారు మా గదికి వచ్చి, “చూశారా మేడం, వేరు దొరికింది” అని చెయ్యి కలిపారు. సోమవారం మల్లేష్‌ను కోర్టులో హాజరుపరిచి రిమాండు అడుగుతామన్నారు. ఆ రోజు గురువారం.

ఆ రాత్రి సంతోషంగా నిద్రపోయానని అబద్ధం చెప్పను. ఏదో గుచ్చుకుంటూనే ఉంది. మా శాఖలో ఒక ఆచారం ఉంది. కిందివాళ్లు లెక్కపెట్టిన ఊళ్లలో కొన్నిటికి పై అధికారి తానే వెళ్లి, కొంత భాగం మళ్లీ లెక్కపెట్టి, అప్పుడే సంతకం పెట్టాలి. క్షేత్ర తనిఖీ అంటాం. ఎండలో, వానలో, జీపు దిగబడినా సరే, అది చేయకుండా నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఈ ఒక్కదానికే వెళ్లలేదు. కంప్యూటర్ల నెట్‌వర్క్‌కి క్షేత్రమేమిటి అనుకున్నాను. పెద్ద అంబర్‌పేట్‌లో మా ఇల్లు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి బొంగులూరు దగ్గర దిగితే ఇబ్రహీంపట్నం అరగంట దూరం కూడా లేదు.

మర్నాడు ఉదయం సాదిక్‌ని ఒక్క మాట అడిగాను. ఆ నూట తొంభై అడ్రస్‌లకు డేటాబేసు ఇచ్చిన అక్షాంశ రేఖాంశాలు చూపించమన్నాను. చూపించాడు. నూట తొంభైకీ ఒకటే, చివరి అంకె దాకా. అంత పెద్ద మంద ఒకే బిందువు మీద నిలబడి ఉంది.

“ఇది ఏ చోటు?” అన్నాను.

“కంపెనీ రిజిస్టరైన అడ్రస్ మేడం. డేటాబేసుకు ఇల్లు ఎక్కడో తెలవకపోతే ఆఫీసు చూపిస్తది.” చాయ్ గుటక వేసి, “నేను చెప్దామనుకున్న, మీరు మస్తు ఖుషీగ ఉన్నరు” అన్నాడు.

అతని మీద అరిచాను. అరవాల్సింది అతని మీద కాదు. డేటాబేసు అమ్మినవాళ్లు ఇచ్చిన కాగితంలో ఈ సంగతి రాసే ఉంది, చదవకుండా పక్కన పెట్టింది నేనే. జీపు అడిగితే సోమవారం రమ్మన్నారు. సాదిక్ కారులోనే బయల్దేరాం.

మల్లేష్ స్టేషను నుంచి అప్పుడే వచ్చి, సీలు వేసిన షట్టర్ ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి, మాసిన చొక్కా, చేతిలో ఫోను మోగుతూనే ఉంది. పక్కనే ఆయన భార్య సుజాత. నేనెవరో చెప్పగానే ఆమె లేచి నిలబడింది.

“మీరేనా మేడం లెక్క రాసింది?”

“నేనేనండి” అన్నాను.

“మంచిగనే రాసిన్రు. బజార్ల కూరగాయలకు పోతే నన్ను జూసి మాట్లాడుడు బంద్ జేస్తున్నరు. మా ఆయన దొంగ అయిండు, మీ లెక్కల.”

మల్లేష్ ఆమెను ఆపలేదు. ఆమె చెప్పాల్సింది చెప్పనిచ్చి, తర్వాత నా వైపు తిరిగి, “నా తాన ఎన్ని మిషిన్లున్నయని రాసిన్రు మేడం? సార్లు చెప్తలేరు” అన్నాడు.

చెప్పకూడదు. దర్యాప్తులో ఉన్న అంకె. అయినా చెప్పాను. “వెయ్యీ ముప్ఫై ఒకటి.”

ఆయన నా వైపు చూశాడు. కోపం కూడా కాదు, నా మతి మీద అనుమానం లాంటిదేదో ఆ చూపులో కనిపించింది.

“నా కనెక్షన్లే ఆరు వందల చిల్లర మేడం. అండ్ల సగం మంది ఫోన్ల యూట్యూబ్ జూసేటోళ్లు. ఇంట్ల కంప్యూటర్ ఉన్నోళ్లు వంద మంది ఉంటే ఎక్కువ. వెయ్యి మిషిన్లు యాడికెల్లి తెచ్చిన నేను? ఒక్కసారి అడిగితే అయిపోతుండె గదా.”

సాదిక్ మెల్లగా అడిగాడు, “అన్నా, నీకిచ్చిన అడ్రస్‌లు మొత్తం ఎన్ని?”

“వెయ్యి ఇరవై నాలుగు. మొదట్ల కనెక్షన్లు పెరుగుతయని తీసుకున్న. రౌటరు బంద్ అయ్యి ఆన్ అయితే, అండ్లకెల్లి ఏది ఖాళీగ ఉంటే గది ఇస్తది.”

సాదిక్ నా వైపు చూశాడు, నేను అతని వైపు చూశాను. మల్లేష్ దగ్గరున్న అడ్రస్‌లు వెయ్యీ ఇరవై నాలుగు. నా అంచనా వెయ్యీ ముప్ఫై ఒకటి. ఎంత చక్కగా లెక్కపెట్టానో! ఏడు తేడాతో ఆయన అడ్రస్‌ల పెట్టెను లెక్కపెట్టాను. కంప్యూటర్లను కాదు. గొర్రెకు పూసిన రంగు నిలుస్తుందనే నమ్మకం మీద నడిచే లెక్క అది. రంగు గంటకోసారి చెరిగిపోతే, పాత గొర్రే కొత్త గొర్రెగా కనిపిస్తుంది, మంద పెరిగిపోతూ ఉంటుంది. ముప్ఫై ఏళ్లు ఈ విద్య మీద బతికి, రంగు నిలిచిందో లేదో చూడలేదు.

“ఇక్కడ రౌటర్లు రోజుకు ఎన్నిసార్లు ఆగుతాయండి?” అని అడిగాను.

జవాబు సుజాత చెప్పింది. “ఈ నెలల కరెంటు ఉంటె గదా. గాలిదుమారం రావుడు, కొమ్మ తీగల మీద పడుడు, కరెంటు పోవుడు. మీరున్న దగ్గర పోదా?”

తెలిస్తే సరిపోదు, సోమవారం లోపల కాగితం మీద రుజువు కావాలి. మంచాల దారిలో ఉన్న సబ్‌స్టేషనుకు వెళ్లాం. సబ్‌స్టేషన్లలో ఫీడరు వారీగా ఒక రిజిస్టరు ఉంటుంది. ఒక లైను ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు తిరిగి ఇచ్చారో నిమిషాలతో సహా చేత్తో రాస్తారు. డ్యూటీలో ఉన్న ఆపరేటర్ ముందు ఇవ్వనన్నాడు. నేను నా గుర్తింపు కార్డు చూపించాను, కదల్లేదు. సాదిక్ జరిగింది చెప్పాడు. మల్లేష్ పేరు వినగానే, “గా కేబుల్ మల్లేషన్ననా? ఆయన గసొంటోడు కాదు సార్, మా ఇంటికి గూడ ఆయన కనెక్షనే” అని రిజిస్టరు బల్ల మీద పెట్టాడు. మా హోదాలకు దొరకనిది ఆయన పేరుకు దొరికింది.

అక్కడే నిలబడి, సాదిక్ ల్యాప్‌టాప్‌లో ఉన్న మా రికార్డుతో ఇద్దరం తేదీలు సరిచూశాం. మేము లెక్కపెట్టిన రెండు రోజుల్లో లైను రోజుకు తొమ్మిదిసార్లు ఆగింది. ప్రతిసారీ మా రికార్డులో ఒక గుంపు అడ్రస్‌లు ఒక్కసారిగా పోయాయి. కరెంటు వచ్చిన రెండు మూడు నిమిషాలకు అంతే గుంపు కొత్త అడ్రస్‌లతో వచ్చింది. ఏ నిమిషంలో చూసినా ఇబ్రహీంపట్నం నుంచి ఒకేసారి కనిపించినవి ఇరవై ఒకటికి మించలేదు. ఇరవై ఒక్క కంప్యూటర్లు రోజుకు పదేసి అడ్రస్‌లు మార్చాయి. కొన్ని అడ్రస్‌లు తిరిగి తిరిగి వచ్చినవే కాగా, వేర్వేరుగా మిగిలినవి నూట తొంభై. రిజిస్టరు గళ్లను మళ్లీ మొదటి నుంచి చూసుకుంటూ వచ్చాను. ఆపరేటర్ మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

ఆ ఇరవై ఒక్కరెవరో తర్వాత తేలింది. హోటల్ మీటింగుల్లో కాయిన్ కొని, ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రామ్ ఎప్పుడూ నడుస్తూ ఉంచితే ఇంకా కాయిన్లు వస్తాయని నమ్మినవాళ్లు. మోసపోయినవాళ్లు. మల్లేష్ వాళ్లకు తీగ లాగినవాడు, అంతే.

శనివారం ఎస్పీ గారి ముందు నిలబడ్డాను. నా మొదటి పేజీని వెనక్కి తీసుకుంటున్నానని, తప్పు నాదేనని, రాతపూర్వకంగా ఇచ్చాను. ఆయన చదివి బల్ల మీద పడేశారు.

“సీలు వెయ్యగానే ఆగిపోయింది కదా మేడం. అది మీ తెర మీద నేనే చూశాను.”

“ఆయన ఆఫీసు మూసేస్తే ఆరు వందల ఇళ్లకు నెట్ పోయింది సార్. అందులో ఈ ఇరవై ఒకటీ పోయాయి. ఆ రోజు ఆ ఊళ్లో ఆన్‌లైన్ క్లాసులు కూడా ఆగిపోయాయి. క్లాసులు కూడా మల్లేషే చెబుతున్నాడని రాయమంటారా?”

పై అధికారితో అలా మాట్లాడకూడదు. మాట్లాడేశాను. ఆయన ముఖం ఎర్రబడింది. రిపోర్టు ఇప్పటికే పైకి వెళ్లిందని, ఇప్పుడు వెనక్కి తీసుకుంటే విభాగం పరువేం కావాలని అడిగారు. సోమవారం కోర్టులో నన్ను పిలిస్తే ఇదే చెబుతానని, పిలవకపోతే నేనే వెళ్లి బయట బెంచీ మీద కూర్చుంటానని అన్నాను. ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుని, చివరికి ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేశారు. సోమవారం మల్లేష్‌ను కోర్టుకు తీసుకెళ్లలేదు.

సవరించిన రిపోర్టులో ఒక అంకె బదులు ఒక పరిధి రాశాను. మొత్తం నెట్‌వర్క్ కొన్ని వందలకు మించదని, విదేశాల్లోవి చాలావరకు అద్దె కంప్యూటర్లని, వాటిని నడిపే మనిషి ఏ దేశంలో ఉన్నదీ అడ్రస్‌ను బట్టి చెప్పలేమని రాశాను. ‘ఎక్కడ’ అన్న ప్రశ్నకు చాలాచోట్ల ‘తెలియదు’ అనే రాశాను. ఎస్పీ గారికి అది నచ్చలేదు. లెక్క తేడాకు నాకు మెమో వచ్చింది. దానికి సంజాయిషీ రాయలేదు, తప్పు ఒప్పుకుంటూ రెండు వాక్యాలు రాశాను. కాయిన్ అమ్మినవాళ్లను వేరేవాళ్లు వేరే దారిలో పట్టుకున్నారు, నా లెక్కకు దానితో సంబంధం లేదు.

మల్లేష్ ఆఫీసు సీలు తీయడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. సీలు వేయడానికి ఒక సంతకం, తీయడానికి ఐదు. అది తీసిన రోజు నేను వెళ్లాను. అప్పటికి పెద్ద కంపెనీవాళ్లు వచ్చి సగానికి పైగా ఇళ్లకు తీగలు లాగేశారు. మల్లేష్ నాకు కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. సుజాత లోపలి నుంచి రాలేదు. తన తప్పేమీ లేదని తేలిందని ఆయనతో చెప్పాను. ఆయన తలూపి, ఆ కాగితం నకలు ఒకటి ఇవ్వమన్నాడు, షాపు ముందర అంటించుకుంటానన్నాడు. దర్యాప్తు కాగితం, ఇవ్వడానికి లేదన్నాను.

“అవ్ మేడం, ఇయ్యరు” అన్నాడు. గొంతులో కోపం లేదు. “తప్పు లెక్క ఊరంత తిరిగింది. సరైంది ఫైల్ల పెట్టిన్రు. ఇగ నేను ఒక్కొక్క ఇంటికి పోయి చెప్పుకోవాలె.”

చెప్పుకున్నాడు కూడా. తర్వాత ఏడాదిలో ఎన్ని కనెక్షన్లు తిరిగొచ్చాయని నేను అడగలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను సంతకం పెట్టిన ప్రతి అంచనా కింద రెండు వాక్యాలు రాశాను: లెక్కపెట్టింది దేన్ని, వెళ్లి చూసింది ఎవరు. రెండోదానికి జవాబు లేని కాగితాల మీద సంతకం పెట్టలేదు.